కొత్త పరికరాలు కొనేముందు కంప్యూటర్ గది తాళం తీయించండి: పాఠశాల విద్యాశాఖకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ ఉన్నతాధికారులకు, సమగ్ర శిక్ష అధికారులకు,

నమస్కారం.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరైన స్కూల్ అసిస్టెంట్‌ని. ఇప్పటికీ సాయంత్రం పూట మా ఊరి బడి పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. ఇక్కడ రాస్తున్న సంగతులు మీ శాఖకు ఇదివరకే చెప్పుకున్నవి. మా బడి తల్లిదండ్రుల కమిటీ ఇవే రాసి హెడ్మాస్టరు ద్వారా పై ఆఫీసుకు పంపింది. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టింది. మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ రోజున వచ్చిన అధికారి చేతికి కాగితం ఇచ్చింది. కొన్నాళ్లకు మీ అర్జీ పరిష్కారమైందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. బడికి మాత్రం ఎవరూ రాలేదు. గదిలో ఒక్క కంప్యూటరూ వెలగలేదు. అందుకే కమిటీ తరఫున, నలుగురూ చదివేలా ఈ లేఖ రాస్తున్నాను.

ఇందులో ఒక పార్టీని మెచ్చుకోవడం, ఇంకో పార్టీని తిట్టడం ఉండదు. ఈ కథ ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచి నడుస్తోంది, అన్ని ప్రభుత్వాలకూ ఇందులో వాటా ఉంది.

2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఐదు వేల హైస్కూళ్లకు కంప్యూటర్ ల్యాబులు ఇచ్చారు. ప్రైవేటు ఏజెన్సీలతో ఐదేళ్ల కాంట్రాక్టు. కంప్యూటర్లు, జనరేటరు, చెప్పే ఇన్‌స్ట్రక్టర్ అన్నీ వాళ్ల బాధ్యతే. ఆ ఇన్‌స్ట్రక్టర్లకు వచ్చే జీతం చాలా తక్కువ. అయినా ఊళ్లో డిగ్రీ చదివిన పిల్లలు ఇష్టంగా చేశారు. నేను పనిచేసిన బడిలో ఆరో తరగతి పిల్లలు పెయింట్‌లో ఇల్లు, చెట్టు గీసుకుని, కింద తమ పేరు టైపు చేసుకుని పొంగిపోయేవాళ్లు. 2013లో కాంట్రాక్టు గడువు తీరింది. ఇన్‌స్ట్రక్టర్లు వెళ్లిపోయారు, కంప్యూటర్లు బడికి మిగిలాయి. వాటిని నడిపే మనిషి లేడు, బాగుచేయించే పద్దు లేదు. చాలా చోట్ల ఆ గదికి అప్పుడు పడిన తాళం మళ్లీ తీసింది వాటిని తుక్కు కింద లెక్క రాసుకోవడానికే.

2022 డిసెంబర్ 21న ఎనిమిదో తరగతి పిల్లలకు, వాళ్ల టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు ఇచ్చారు. సరిగ్గా ఏడాదికి రెండో విడతలో 4 లక్షలకు పైగా ఇచ్చారు. బడులను బాగుచేసే నాడు-నేడు పథకం పనులు జరిగిన హైస్కూళ్లకు గోడకు బిగించే పెద్ద టచ్ ప్యానెళ్లు, ప్రాథమిక పాఠశాలలకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. 2024 తర్వాత ట్యాబుల పంపిణీ ఆగింది. వాటిలో పాఠాలు పెట్టిన ప్రైవేటు సంస్థ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఇప్పుడేమో కృత్రిమ మేధ (ఏఐ) మాట వినబడుతోంది. 2026-27 నుంచి మూడో తరగతి నుంచే ఏఐ పాఠాలు ఉంటాయని కేంద్ర విద్యాశాఖ 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. పొరుగున తెలంగాణలో 2025లో నారాయణపేట జిల్లా బడుల్లో ఏఐ సాయంతో చదువు, లెక్కలు నేర్పడం మొదలైంది.

ఇవేవీ వద్దని నేను అనను. కంప్యూటర్ వల్ల పిల్లల చదువు బాగుపడుతుందని నమ్మేవాళ్లలో నేను ముందుంటాను. కళ్లారా చూశాను కాబట్టే ఆ నమ్మకం. త్రిభుజంలో మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలు అని నల్లబల్ల మీద ఏళ్ల తరబడి రుజువు చేశాను. పిల్లలు నోట్సులో రాసుకున్నారు, పరీక్షలో అప్పజెప్పారు. ప్యానెల్ వచ్చిన కొత్తలో అందులో జియోజీబ్రా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి ఒక త్రిభుజం గీశాం. ఒక అమ్మాయిని పిలిచి, ఒక శీర్షం మీద వేలు పెట్టి లాగమన్నాను. త్రిభుజం సాగింది, పక్కన మూడు కోణాల అంకెలూ మారాయి, మొత్తం మాత్రం 180 దగ్గరే నిలబడింది. ఇంకా లాగింది. ఒక కోణం 3 డిగ్రీలకు పడిపోయింది, మొత్తం అదే. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "మొత్తం గీత మీదకు లాగేస్తే ఏమవుతుంది సార్?" అన్నాడు. నల్లబల్ల కాలంలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఆ రోజు సగం క్లాసు ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఆ గంటకైన ఖర్చు కరెంటు చార్జీ మాత్రమే.

నా అనుభవం ఒక్కదాని మీదే మాట్లాడటం న్యాయం కాదు కాబట్టి, ఈ విషయంలో పద్ధతిగా జరిగిన పరిశోధనలు కూడా చెబుతాను. 2000లో గుజరాత్ ప్రభుత్వం వడోదర మున్సిపల్ ప్రాథమిక బడులకు తలా నాలుగు కంప్యూటర్లు ఇచ్చింది. రెండేళ్ల తర్వాత వెళ్లి చూస్తే అవి దాదాపు ఎక్కడా వాడుకలో లేవు. అప్పుడు పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ స్థానిక యువతకు కొద్ది రోజుల శిక్షణ ఇచ్చి బడులకు పంపింది. నాలుగో తరగతి పిల్లలు ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరేసి, వారానికి రెండు గంటలు, లెక్కల ఆటలు ఆడారు. లెక్కల్లో వాళ్ల మార్కులు గట్టిగా పెరిగాయి. తర్వాతి కాలంలో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తోటి పరిశోధకులతో కలిసి ఈ ఫలితాన్ని 2007లో ప్రచురించారు. ఆ పరిశోధనే ఇంకో మాట కూడా చెప్పింది. కార్యక్రమం ఆగిన ఏడాదికి ఆ లాభంలో చాలా భాగం కరిగిపోయింది. అంటే ఒక ఏడాది చేసి వదిలేస్తే మిగిలేది కొంచెమే.

2015లో ఢిల్లీలో ఆరు నుంచి తొమ్మిది తరగతుల ప్రభుత్వ బడి పిల్లలతో మరో ప్రయోగం జరిగింది. బడి అయ్యాక రోజుకు గంటన్నర: సగం కంప్యూటర్ మీద, సగం చిన్న బృందాల్లో టీచరుతో. కంప్యూటర్ ముందుగా ఆ పిల్లవాడు నిజంగా ఏ స్థాయిలో ఉన్నాడో పట్టుకుని అక్కడి నుంచి ప్రశ్నలు ఇచ్చేది. నాలుగున్నర నెలల్లో వాళ్ల లెక్కల పురోగతి మిగతా పిల్లలకంటే రెండింతలు దాటింది. ఆరో తరగతి పిల్లలు సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారని కూడా ఆ పరిశోధనలోనే బయటపడింది.

వీటికి ఎదురు ఉదాహరణ పెరూ దేశం. అక్కడ పల్లె బడుల పిల్లలకు పెద్ద ఎత్తున లాప్‌టాప్‌లు పంచారు. 319 బడుల్లో చేసిన పరిశీలన ఫలితం 2012లో వచ్చింది. లెక్కల్లోగానీ భాషలోగానీ పెరుగుదల కనిపించలేదు. గుజరాత్‌లోనే మరో పరిశోధన ఇంకో హెచ్చరిక చేసింది. టీచరు చెప్పే గంటను తీసేసి ఆ సమయంలో కంప్యూటర్ ముందు కూర్చోబెడితే పిల్లలు నేర్చుకునేది తగ్గిపోయింది. బడికి ముందో తర్వాతో అదనంగా ఇస్తే పెరిగింది.

ఇక మా బడి విషయానికి, మా పిల్లల విషయానికి వస్తాను.

1. చెప్పే మనిషి లేడు.

మా మండలంలో ఏ ప్రభుత్వ హైస్కూల్లోనూ కంప్యూటర్ చెప్పే టీచరు లేరు. కొంచెం ఆసక్తి ఉన్న సైన్సు టీచరో లెక్కల టీచరో తన పీరియడ్లు చూసుకుంటూ ఇదీ చూడాలి. ఆయనకు బదిలీ అయిందంటే కంప్యూటర్ గది కథ ముగిసినట్టే.

దీని ఫలితం పిల్లలు ఎప్పుడు చూస్తారో చెబుతాను. ఇంటర్ అయ్యాక ఈఏపీసెట్ రాయాలి. మన రాష్ట్రంలో 2018 నుంచి ఆ పరీక్ష కంప్యూటర్ మీదే. ఇంజినీరింగ్ పేపరులో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. ప్రైవేటు కాలేజీ పిల్లవాడు అప్పటికి ఆన్‌లైన్ మాక్ టెస్టులు రాసి రాసి చేయి తిరిగి ఉంటాడు. మా ఊరి పిల్ల మౌస్ పట్టుకునేది పరీక్ష హాల్లోనే. జవాబు తెలిసినా సేవ్ అయిందో లేదో అన్న టెన్షన్‌తో మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి చూసుకుందట. చివరి ప్రశ్నలు చూడనే లేదని ఇంటికొచ్చి ఏడ్చింది. ఆ పిల్లకు లెక్కలు బాగా వచ్చు. ర్యాంకు కార్డు మీద ఆ సంగతి ఉండదు. డీఎస్సీ, బ్యాంకు ఉద్యోగాలు, రైల్వే పరీక్షలు, ఇప్పుడు అన్నీ ఇదే దారి.

డిగ్రీ అయ్యాక అదే పిల్లలు టౌన్లో గది అద్దెకు తీసుకుని ఎంఎస్ ఆఫీస్, ట్యాలీ కోర్సులకు ఫీజు కడుతున్నారు. కౌలు రైతు ఇంట్లో ఆ డబ్బు మిరప కోత అయ్యాకో అప్పు తెచ్చో వస్తుంది. బడిలో ఐదేళ్లు కంప్యూటర్ గది పక్క నుంచే నడిచి వెళ్లిన పిల్లలు వీళ్లు.

ప్రతి హైస్కూలుకు, కనీసం రెండు మూడు బడులకు కలిపి, ఒక కంప్యూటర్ ఇన్‌స్ట్రక్టర్‌ను నియమించండి. ఐదేళ్ల కాంట్రాక్టు ముగియగానే మాయమయ్యే పద్ధతి వద్దు. ఆ ఊరి చుట్టుపక్కల చదువుకున్న ఆడపిల్లలకు మొదటి అవకాశం ఇవ్వండి. బతకగలిగే జీతం ఇవ్వండి, నెలనెలా ఇవ్వండి.

2. బాగుచేయించే డబ్బు బడికి చేరడం లేదు.

బడులకు కేంద్రం, రాష్ట్రం కలిసి నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం నిబంధనల్లో ఒక ఐసీటీ ల్యాబ్‌కు, అంటే కంప్యూటర్ గదికి, మొదట 6.40 లక్షల రూపాయల వరకు, ఆ తర్వాత ఐదేళ్లపాటు ఏటా 2.40 లక్షల వరకు నిర్వహణకు ఇవ్వొచ్చని ఉంది. స్మార్ట్ క్లాస్‌రూమ్‌కు 2.40 లక్షలు, ఏటా 38 వేలు. ఇది రాసినవాళ్లకు సంగతి తెలుసు. యంత్రం కొనడంతో ఖర్చు తీరదు, ఏటా కొంత పెట్టాలని వాళ్లే గుర్తించారు. మరి ఆ ఏటా ఖర్చు మాలాంటి బడి ఖాతాలోకి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అన్నది మేము అడిగిన మొదటి ప్రశ్న. జవాబు రాలేదు.

మా కంప్యూటర్ గది ఎలా ఉందో వినండి. యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బిపోయి తెల్లటి పొడి కారాయి. బల్లల కింద వైర్లను ఎలుకలు కొరికాయి. రెండు మానిటర్లు ఆఫీసు గదిలోకి వెళ్లి అక్కడే ఉండిపోయాయి. కిటికీ రెక్క ఊడి వాన జల్లు పడుతుంటే హెడ్మాస్టరు యూరియా సంచులు కుట్టించి సీపీయూల మీద కప్పించారు. ఎనిమిదో తరగతి గదిలో ప్యానెల్ ఒక పిడుగుల వాన తర్వాత ఆన్ కావడం మానేసింది. కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే వివరాలు రాసుకుంటారు, టెక్నీషియన్ రాడు. వారంటీలో ఉన్న వస్తువును బయటివాళ్లతో విప్పిస్తే రేపు ఆడిట్‌లో ఎవరు సమాధానం చెబుతారని హెడ్మాస్టరు భయం. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. వస్తువు పోతే జీతంలోంచి రికవరీ అంటారు, వస్తువు వాడకపోతే ఎవరూ అడగరు. అలాంటప్పుడు ఏ హెడ్మాస్టరైనా బీరువాలో పెట్టి తాళం వేయడానికే చూస్తారు. ఇది మీరు మార్చాల్సిన నిబంధన. పిల్లల చేతుల్లో వాడుకలో పాడైన వస్తువుకు టీచరుపై రికవరీ ఉండదని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి.

కేరళను చూడండి. 2001లో ఐటీ ఎట్ స్కూల్ పేరుతో మొదలుపెట్టారు, 2017లో దాన్ని కైట్ అనే ప్రభుత్వ సంస్థగా మార్చారు. 45 వేల తరగతి గదులను హైటెక్ చేశారు. బడుల్లో నడిచేది ఉచిత సాఫ్ట్‌వేర్, కాబట్టి లైసెన్సుల బాధ లేదు. ఒక్కో బడిలో ఈ బాధ్యత చూసే టీచరు ఉంటారు. లిటిల్ కైట్స్ పేరుతో పిల్లల క్లబ్బులు పెట్టి, చిన్న చిన్న రిపేర్లు, వీడియో ఎడిటింగ్ దాకా పిల్లలకే నేర్పుతున్నారు. సరఫరా చేసిన కంపెనీ ఫిర్యాదు వచ్చాక గడువులోగా బాగుచేయకపోతే జరిమానా కట్టాలి. ఇందులో మనవల్ల కానిది ఒక్కటీ లేదు. లక్షల్లో ట్యాబులు కొన్న రాష్ట్రం మండలానికి ఒక టెక్నీషియన్‌ను పెట్టలేదా? బోరు వేసి మోటారు బిగించి, ఫ్యూజు పోయిందని పొలం ఎండబెట్టుకునే రైతు మా ఊళ్లో ఒక్కడూ ఉండడు.

మేము కోరేది: మండలానికి ఒక టెక్నీషియన్, ఫిర్యాదు నమోదైన వారం రోజుల్లో మరమ్మతు, లేకపోతే కంపెనీకి జరిమానా. "పరిష్కారమైంది" అని రాసే అధికారం హెడ్మాస్టరు, తల్లిదండ్రుల కమిటీ సంతకం పడ్డాకే ఉండాలి.

3. పాఠం ఒక చోట, పిల్ల ఇంకో చోట.

ట్యాబులు వచ్చిన ఏడాది సాయంత్రం క్లాసుకు ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి తన ట్యాబు తెచ్చుకుంది. తెర మీద బీజీయ సమాసాల వీడియో నడుస్తోంది. బొమ్మలు చక్కగా ఉన్నాయి, గొంతు స్పష్టంగా ఉంది. వీడియో అయ్యాక కాగితం మీద ఒకటి బై రెండుకు ఒకటి బై మూడు కలపమన్నాను. రెండు బై ఐదు అని రాసింది. లవాలు లవాలు కలిపింది, హారాలు హారాలు కలిపింది. అరకంటే రెండు బై ఐదు చిన్నది కదా, అరకు ఇంకొంత కలిపితే తగ్గుతుందా అని అడిగితే ఆలోచనలో పడింది. ఆ పిల్లకు కావలసింది ఐదో తరగతి భిన్నాలు. ట్యాబుకు ఆ సంగతి తెలియదు. వీడియో పూర్తయింది కాబట్టి తర్వాతి వీడియో పెట్టింది.

ఢిల్లీ ప్రయోగంలో పనిచేసిన కీలకం సరిగ్గా ఇదే. పిల్ల ఎక్కడ ఆగిపోయిందో పట్టుకుని అక్కడి నుంచి మొదలుపెట్టడం. అరవై మంది ఉన్న క్లాసులో టీచరు చేయలేనిది, కంప్యూటర్ చేయగలిగేది అదొక్కటి. మన రాష్ట్రంలోనే కొన్ని ప్రభుత్వ బడుల్లో పాల్ పేరుతో ఈ పద్ధతి ట్యాబుల మీద నడుస్తోంది. క్లాసులు వంతులవారీగా వచ్చి వాడుకుంటాయి. ఇంటింటికీ ట్యాబు పంచక్కర్లేదు, బడికి ఒక గది సరిపోతుంది. ఆ బడుల అనుభవాన్ని మిగతా హైస్కూళ్లకు తీసుకురండి. పదో తరగతి పూర్తి చేసిన పిల్లల దగ్గర మిగిలిన ట్యాబుల్లో పనిచేసేవి ఉంటే, వాళ్లు ఇష్టపడితే, బడికి తెప్పించి వాడుకలో పెట్టండి.

భాష గురించి కూడా ఒక మాట. మన పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగు. అది మంచి పని. కంప్యూటర్ పాఠాలు కూడా అలాగే ఉండాలి. తెలుగంటే పుస్తకంలోని గ్రాంథికం యాసలో చదివే గొంతు వద్దు. మా పిల్లలు మాట్లాడే తెలుగులో, క.సా.గు. అంటే ఏమిటో వాళ్ల టీచరు చెప్పినట్టు చెప్పాలి. ఆ పాఠాలు ప్రభుత్వం సొంతమై ఉండాలి. కంపెనీ మూతబడితే పాఠం మూతబడే పరిస్థితి మరోసారి రాకూడదు. మన ప్రభుత్వ టీచర్లలో యూట్యూబ్‌లో గొప్పగా చెబుతున్నవాళ్లు జిల్లాకు పదిమంది దొరుకుతారు. వాళ్లకు డిప్యుటేషన్ ఇచ్చి చేయించండి.

4. టైం టేబుల్లో గంట లేదు.

వారానికి రెండు పీరియడ్లు ప్రతి సెక్షనుకూ కంప్యూటర్‌కు కేటాయించండి. పదో తరగతికి కూడా. పదో తరగతి పరీక్షల కోసం వేసే వంద రోజుల ప్రణాళిక పేరుతో ముందు ఎగిరిపోయేది ఈ గంటే, కాబట్టి దాన్ని కదపకూడదని ఉత్తర్వులోనే రాయండి. టీచరు చెప్పే లెక్కల గంటలోంచి కోసి ఇవ్వకండి. ఎందుకు వద్దో పైన రాశాను.

5. ఆడపిల్లలకు బడి తప్ప వేరే చోటు లేదు.

ఈ పాయింటు మీద మా కమిటీలోని తల్లులు గట్టిగా నిలబడ్డారు. పల్లె పిల్లల చదువు మీద ప్రథమ్ సంస్థ చేసే అసర్ సర్వే 2024 ప్రకారం మన దేశ పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో దాదాపు 90 శాతం ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. వాడటం తెలిసినవాళ్లు మగపిల్లల్లో 85.5 శాతం, ఆడపిల్లల్లో 79.4 శాతం. వాడేవాళ్లలో అంతకుముందు వారం చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా చూసినవాళ్లు 76 శాతం. ఫోన్ ఉంది కదా, ఇంట్లో నేర్చుకుంటారులే అనుకోవడానికి వీల్లేదని ఈ అంకెలే చెబుతున్నాయి.

మా ఊళ్లో ఇంటికి ఒకే ఫోన్. అది నాన్నతో పొలానికి వెళ్తుంది, సాయంత్రం అన్నయ్య చేతికి వస్తుంది. అమ్మాయి చేతికి వచ్చేసరికి రాత్రి తొమ్మిదవుతుంది, అప్పుడు పట్టుకుంటే ఎవరితో మాట్లాడుతున్నావని ప్రశ్న. మగపిల్లలు టౌన్లో నెట్ సెంటర్‌కైనా వెళ్లి వస్తారు. ఆడపిల్లను పంపరు. స్కాలర్‌షిప్ దరఖాస్తు, హాస్టల్ దరఖాస్తు, ఆధార్‌లో పుట్టిన తేదీ మార్పు, ప్రతిదానికీ ఇంకొకరి చేతికి కాగితాలిచ్చి, పేరు తప్పు పడితే మళ్లీ డబ్బు కట్టి దిద్దించుకోవాలి. బడిలో కంప్యూటర్ గది తెరిస్తే ఆ అమ్మాయిలు తమ దరఖాస్తు తామే నింపుకుంటారు, పక్కింటివాళ్లది కూడా నింపిపెడతారు. బడి వదిలాక ఒక గంటసేపు, ఒక మహిళా ఇన్‌స్ట్రక్టర్ ఉండగా ఆ గది ఆడపిల్లల కోసం తెరిచి ఉంచాలని మా కమిటీ తల్లులు ప్రత్యేకంగా అడుగుతున్నారు.

6. టీచరు సమయాన్ని యాప్‌లు తినేస్తున్నాయి.

బడిలో టెక్నాలజీ అనగానే టీచరుకు గుర్తొచ్చేది హాజరు ఫొటో, మధ్యాహ్న భోజనం ఫొటో, మరుగుదొడ్డి ఫొటో. వేర్వేరు యాప్‌లన్నీ కలిపి 2025లో లీప్ అనే ఒకే యాప్‌లోకి తెచ్చారు. అది మేలైన పని, మీకు కృతజ్ఞతలు. అయితే నింపాల్సిన వివరాలు కూడా తగ్గాలి. ఉదయం మొదటి గంట సర్వర్ కోసం ఫోన్ పట్టుకుని వరండాలో తిరిగే టీచరును చూసి పిల్లలు టెక్నాలజీ అంటే ఇదేననుకుంటారు. శిక్షణ కూడా జూమ్ మీటింగులో రెండు గంటలు చూపించి సరిపెట్టకండి. లెక్కల టీచరుకు జియోజీబ్రా, సైన్సు టీచరుకు ప్రయోగాల సిమ్యులేషన్లు, వాళ్ల సబ్జెక్టుకు పనికొచ్చేవి, చేత్తో చేయించి నేర్పండి.

7. నెట్, కరెంటు.

బడుల వివరాలపై కేంద్రం సేకరించే 2024-25 యూడైస్ లెక్కల ప్రకారం దేశంలో కంప్యూటర్ ఉన్న బడులు 64.7 శాతం, ఇంటర్నెట్ ఉన్నవి 63.5 శాతం. ఉన్నట్టు టిక్కు పెట్టిన బడుల్లో మా బడి కూడా ఒకటి. మా నెట్ ఆఫీసు గది దాటి రాదు. నెట్ లేకపోయినా నడిచే పాఠాలు బడి సర్వర్‌లోనే పెట్టండి. కరెంటు బిల్లు బడి మీద వేయకండి.

8. పిల్లల వివరాలు.

2023 జనవరిలో ఆన్‌లైన్ పాఠాల కోసం కేంద్రం నడిపే దీక్ష వేదికకు చెందిన ఒక క్లౌడ్ సర్వర్ రక్షణ లేకుండా ఉండి, లక్షల మంది టీచర్ల, విద్యార్థుల వివరాలు బయటపడ్డాయని వార్తలు వచ్చాయి. అదే ఏడాది వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి గురించి ప్రత్యేకంగా చెప్పింది. మా పిల్లల ఫొటో, మార్కులు, ఆధార్ ఏ యాప్‌లో ఉన్నాయి, ఏ కంపెనీ చూడగలదు అన్నది ఒక పేజీ తెలుగులో రాసి ప్రతి బడి నోటీసు బోర్డు మీద పెట్టండి.

చివరగా, ఏఐ గురించి. మూడో తరగతి పిల్లలకు ఏఐ పాఠాలు చెప్పేముందు ఎనిమిదో తరగతి పిల్లలు ఒక ఫైలు సేవ్ చేసి మళ్లీ తెరవగలగాలి. ఫోన్లో వచ్చినదల్లా నిజం కాదని గుర్తుపట్టగలగాలి. చెప్పే మనిషి, గంట, రిపేరు డబ్బు లేకుండా ఏఐ వచ్చినా అది కూడా ఇంకో పెట్టె అయి ఆ గదిలోనే చేరుతుంది. అందుకని మీకు విన్నవించేది: కొత్త టెండరు పిలిచే ముందు ఇప్పటికే ఉన్నవాటి లెక్క బయటపెట్టండి. ప్రతి హైస్కూల్లో ఎన్ని కంప్యూటర్లు, ఎన్ని ప్యానెళ్లు ఉన్నాయి, వాటిలో ఎన్ని పనిచేస్తున్నాయి, ఒక్కో పిల్ల వారానికి ఎంతసేపు వాడుతోంది. బడివారీగా, మేమందరం చూసేలా, బడులు తెరిచే జూన్ 12 నాటికి ఆ లెక్క రావాలి. ఆ తర్వాత ప్రతి మూడు నెలలకోసారి సరిచేస్తూ ఉండాలి.

మా బడి వరకు మేము చేయగలిగింది చేస్తామని కమిటీ తీర్మానం రాసుకుంది. గదికి సున్నం వేయిస్తాం, కిటికీ రెక్క బిగిస్తాం, రాత్రి కాపలా ఊరి యువకులు వంతులవారీగా చూసుకుంటారు. ఇన్‌స్ట్రక్టర్ వచ్చేదాకా సాయంత్రం గంట నేను నిలబడతాను, బీటెక్ పూర్తి చేసి ఇంటి దగ్గర ఉన్న ఇద్దరు అమ్మాయిలు కూడా వస్తామన్నారు. మీ వైపు నుంచి ముందుగా కావలసినవి మూడు: ఒక టెక్నీషియన్, బ్యాటరీలకు డబ్బు, గది తెరిచి వాడుకోవడానికి హెడ్మాస్టరుకు రాతపూర్వక అనుమతి. ఈ లేఖకు జవాబు కూడా రాతపూర్వకంగా, మా బడి తల్లిదండ్రుల కమిటీ పేరున పంపగలరు.

ఇట్లు,
తల్లిదండ్రుల కమిటీ తరఫున,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు